తొట్టిలో పెంచిన నాచు చెరువులో వేయొచ్చా?

పదో తరగతి జీవశాస్త్రంలో పోషణ పాఠం దగ్గరపడితే గోదావరిఖనిలో సైన్సు టీచర్లకు ఒక వెతుకులాట మొదలవుతుంది. హైడ్రిల్లా కావాలి. బీకరులో నీళ్లు పోసి, నాలుగు రెమ్మలు వేసి, వాటి మీద గాజు గరాటు బోర్లించి, గరాటు కాడ మీద నీళ్లు నింపిన పరీక్షనాళికను తలకిందులుగా నిలబెట్టి రెండు మూడు గంటలు ఎండలో ఉంచాలి. బుడగలు లేస్తాయి. నాళికలో చేరిన వాయువు దగ్గరికి ఆరిపోబోతున్న పుల్లను తీసుకెళ్తే మళ్లీ అంటుకుంటుంది. పుస్తకంలో ఉన్నది ఇంతే. ఆ మొక్క ఎక్కడ దొరుకుతుందో, దొరికాక దాన్ని ఎలా బతికించుకోవాలో పుస్తకం చెప్పదు.

ఇక్కడ మాట్లాడుతున్న ఇద్దరూ నాకు బాగా తెలిసినవాళ్లే. మేనకోడలు ప్రభుత్వ బడిలో జీవశాస్త్రం చెబుతుంది. ఇంటి వెనుక ఒక సిమెంటు తొట్టిలో హైడ్రిల్లా, పక్క తొట్టిలో వాలిస్నేరియా ఏడాది పొడవునా పెంచుతుంది. వేరే బడుల టీచర్లు కూడా వచ్చి రెమ్మలు పట్టుకెళ్తుంటారు. మేనమామ సింగరేణిలో పంపు ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు. చాలా ఏళ్లు బొగ్గుబాయి లోపల సంపుల దగ్గర, చివరి ఏళ్లు పైన నీళ్లు వడకట్టే ఫిల్టర్‌బెడ్ దగ్గర పనిచేశాడు. గని నుంచి తోడిన నీళ్లు వచ్చి చేరే ఊరి చెరువులో ఒక మూల ఈ మొక్కలు నాటించాలని ఆమె ఆలోచన. ఆయనకు అది బొత్తిగా నచ్చలేదు.

మేనమామ: నాచును ఎవరన్న పెంచుతరా బిడ్డా? నీళ్లు నిలిచిన కాడ అదే వస్తది. ఫిల్టర్‌బెడ్ కాడ నేను చేసిన పనిల సగం దాన్ని తీసి పారేసుడే. ఫుట్‌వాల్వ్ జాలీకి రెండు దోసిళ్ల నాచు చుట్టుకుంటే చాలు, పంపు నీళ్లు గుంజది. మోటరు వేడెక్కుతది. నడిరాత్రి నీళ్లల్ల దిగి చేత్తోని పీకాలె. గసొంటిదాన్ని నువ్వు తొట్టి కట్టించి మరీ సాకుతున్నవ్.

మేనకోడలు: నువ్వు పీకిందాంట్ల సగం జారుడు పాచి అయి ఉంటది మామా. ఇది అది కాదు. చెయ్యి పెట్టి చూడు. కాండం ఉంది, కణుపులున్నయి, ఒక్కో కణుపు చుట్టూ నాలుగైదు ఆకులు. రెండు వేళ్ల మధ్య పట్టి ఇటు లాగు. గరుగ్గా తగులుతలేదా? ఆకు అంచుకు రంపం పళ్లున్నయి. ఇది పువ్వు పూసే మొక్క. నీళ్లలోనే పుట్టి నీళ్లలోనే బతికేదని మనం దీన్ని మొక్కల లెక్కలో వేసుకోం.

మేనమామ: పువ్వు పూస్తే పూసింది. దేనికి పనికొస్తది?

మేనకోడలు: ఒకప్పుడు ఉత్తరాదిన ఖండసారి బట్టీల్లో ఇలాంటి నాచును తడిగా చక్కెర మీద పరిచేవాళ్లు. దాని తడి మెల్లగా కిందికి దిగి మడ్డిని కడిగేది, చక్కెర తెల్లబడేది. అది పాత ముచ్చట. నాకు పనికొచ్చేది బుడగ. చెట్టు మనకు గాలి ఇస్తుందని పిల్లలకు ఒకటో తరగతి నుంచి చెప్తనే ఉన్నం. వేపచెట్టు కింద నిలబడితే ఆ గాలి కనబడదు. దీంట్లో కనబడుతుంది. ఎండ పడితే వరుసగా లేస్తయి, అట్ట అడ్డం పెడితే ఆగుతయి. మా పిల్లలు అట్ట పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం... బెల్లు కొట్టినా కదలరు.

మేనమామ: సరే, బడికి కావాలె, ఒప్పుకున్న. మరి గింత పని ఎందుకు? ఇసుక కడుగుడు, మన్ను తెచ్చుడు, పొద్దుగాల లేసి ఆ పేపర్లు పరుచుడు.

పేపర్ల సంగతి నేను చెప్పాలి, ఎందుకంటే ఈ ఊళ్లో నాచు పెంచడంలో అసలు కష్టం అదే. ఆరేసిన బట్టల మీద, మిద్దె మీద పడే బొగ్గు దుమ్మే తొట్టి నీళ్ల మీదా పడుతుంది. కొంత మునిగిపోతుంది, సన్నటిది పైనే తెట్టెగా తేలుతుంది. నీళ్లలోని మొక్కకు వెలుతురు పైనుంచే రావాలి కాబట్టి ఆ తెట్టె దానికి కిటికీ మూసినట్టే. ఆమె పొద్దున్నే పాత దినపత్రిక కాగితాన్ని నీళ్ల మీద వెడల్పుగా పరిచి, ఒక కొస పట్టి మెల్లగా లాగేస్తుంది. కాగితం నల్లగా వస్తుంది, కింద నీళ్లు తేటగా మిగులుతాయి. ఆకుల మీద కూర్చున్న మసిని మాత్రం కాగితం తీయలేదు. రెమ్మను నీళ్లలోనే రెండుసార్లు మెల్లగా ఆడించాలి. గట్టిగా ఆడిస్తే కణుపు దగ్గర విరుగుతుంది.

మేనకోడలు: పని ఎక్కువేం కాదు, వరుస తెలిస్తే చాలు. అడుగున చెరువు ఒండ్రు రెండు మూడు వేళ్ల మందం, దాని మీద కడిగిన ఇసుక. ఇసుక లేకుంటే ఒండ్రు లేచి నీళ్లు బురదైతయి. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటది కాబట్టి ఒక రోజు తెరిచి ఉంచి పోయాలె. హైడ్రిల్లాకైతే జానెడు కొసలు తుంచి, నాలుగైదు కలిపి దారంతో కట్టి, గులకరాయి బరువు పెట్టి వదిలితే చాలు, వేళ్లు అదే పెట్టుకుంటది. వాలిస్నేరియాకు మాత్రం జాగ్రత్త ఉండాలె. వేర్లే మన్నులో ఉండాలె, ఆకులు మొలిచే మొదలు ఇసుక పైనే ఉండాలె. మొదలు పూడితే కుళ్లుతది.

మేనమామ: ఇసుక కడుగుడు నాకు నేర్పకు. గోదావరి ఇసుక ఎన్ని లారీలు బాయిల నింపినమో నాకు తెలుసు. బొగ్గు తీసిన జాగ ఖాళీగుంటే పైకప్పు కూలుతదని స్టోయింగ్ చేసేటోళ్లం. ఇసుకను నీళ్లతోని కలిపి పైపులల్ల కిందికి పంపాలె. ఇసుక లోపల ఆగుతది, నీళ్లు సంపుకొస్తయి, ఆ నీళ్లను మళ్లా పైకి తోడాలె. నా ఉద్యోగమంత ఆ నీళ్లను బయటికి పంపుడే.

మేనకోడలు: ఆ నీళ్లే నా మొక్కకు మంచివి మామా! బాయి నీళ్లు కాస్తే గిన్నెకు తెల్లగా పొర కడుతది గదా, దాంట్ల బైకార్బనేట్ ఉంది. మామూలు మొక్క కార్బన్ డై ఆక్సైడ్ కోసమే చూస్తది. హైడ్రిల్లా, వాలిస్నేరియా రెండూ అది దొరకనప్పుడు బైకార్బనేట్ నుంచి కూడా కార్బన్ గుంజుకుంటయి. ప్రయోగంలో బుడగలు సరిగా రాకపోతే చిటికెడు తినే సోడా వేస్తం చూడు, అదీ బైకార్బనేటే. పట్నంలో అక్వేరియం పెట్టుకున్నోళ్లు నీటిమొక్కల కోసం గ్యాస్ సిలిండర్లు, ఖరీదైన లైట్లు కొంటరు. ఈ రెండింటికీ అవేమీ అక్కరలేదు.

మేనమామ: లైటు అక్కరలేదు, ఎండ ఉంది మనకు. మే నెల ఎండ నీ తొట్టిని ఉడకపెడుతలేదా?

మేనకోడలు: ఉడకపెడుతది. రామగుండం ఎండ సంగతి వేరే చెప్పాలా? నీళ్లు తక్కువుంటే తొందరగా వేడెక్కుతయని తొట్టి మోకాలు దాటి లోతు కట్టించిన. నడిమధ్యాహ్నం పూట గ్రీన్ నెట్ కడుత. అయినా ఎండాకాలం దీని పద్ధతే మారుతది. జగదీశ్ చంద్ర బోసు దీని మీదే పనిచేసిండు. మొక్క వదిలే బుడగలను అదే లెక్క రాసుకునే యంత్రం తయారుచేసుకుని, చలికాలపు హైడ్రిల్లా ఒక తీరు, ఎండాకాలపు హైడ్రిల్లా ఒక తీరు పనిచేస్తున్నయని గమనించిండు. 1924లో పుస్తకం వేసిండు. దాని వెనుక రహస్యం చాలా దశాబ్దాల తర్వాత అమెరికాలోని ఫ్లోరిడాలో తేలింది. ఎండకు నీళ్లు వేడెక్కి, కార్బన్ డై ఆక్సైడ్ కరువైనప్పుడు ఈ మొక్క దొరికిన కాస్త కార్బన్‌ను ముందు మాలిక్ ఆమ్లంగా దాచుకుని తర్వాత వాడుకుంటది. మొక్కజొన్న, చెరకు చేసే పని అది. వాటికి ఆ పని కోసం ఆకులో వేరే గదులుంటయి, దీనికి అవి కూడా లేవు. బోసు అప్పుడే ఎంత దూరం చూసిండో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యులు ఎ.ఎస్. రాఘవేంద్ర, ఇంకో శాస్త్రవేత్త గోవింద్‌జీతో కలిసి రాసిన్రు. మన మురికికుంటలో దొరికే నాచు మామా ఇది.

మేనమామ ఇక్కడ కాసేపు ఏమీ అనలేదు. వినడం ఆయనకు చేతనవును. ఆయన తర్వాత అడిగిన ప్రశ్న మాత్రం తొట్టి గురించి కాదు.

మేనమామ: పగటి పూట గాలి ఇస్తది, మంచిది. రాత్రి?

మేనకోడలు: రాత్రి అది కూడా మనలాగే ఆక్సిజన్ తీసుకుంటది.

మేనమామ: అదే నేననేది! నాచు దట్టంగ కమ్మిన కుంటల చేపలు తెల్లారుజామున పైకొచ్చి నోళ్లు తెరుస్తయి. మబ్బు పట్టి రెండు రోజులు ఎండ లేకపోతే తేలుతయి. పగలు ఇచ్చినదానికంటే రాత్రి ఎక్కువ గుంజుతదో తక్కువ గుంజుతదో నాకు తెల్వది, చేప సచ్చేది మాత్రం తెల్లారుజామునే. మరి చెరువుల వేస్తనంటివి. మత్స్యకారుల సంఘపోళ్లను అడిగినవా? వాళ్లు బొచ్చె, రౌట పిల్లలు పోసుకుంటరు. ఎండకాలం వల దించి గుంజితే వల నిండ నాచే వస్తది. చేపలు సందుల పడి పోతయి. నీకు బుడగ కావాలె, వాళ్లకు బువ్వ కావాలె.

మేనకోడలు: కొర్రమట్ట? అది నాచు ఉన్న కాడే ఉంటది. పిల్లలను దాంట్లనే దాస్తది. కొర్రమీనును రాష్ట్ర చేప అన్నం, అది దాక్కునే జాగ మాత్రం మిగలనియ్యం.

మేనమామ: కొర్రమట్ట పైకొచ్చి గాలి మింగి బతుకుతది. బొచ్చె బతకదు. సంఘపోళ్లు అమ్ముకునేది బొచ్చెనే.

మేనకోడలు: చెరువంతా నింపుతననలేదు మామా. మూడో వంతుకు మించకుండా ఒక మూల. అక్కడ గుడ్లు పెట్టే చేపలుంటయి, నత్తలుంటయి, చిన్న పురుగులుంటయి, వాటి కోసం పిట్టలొస్తయి. నువ్వు తోడి పోసిన నీళ్లు ఆ చెరువుకు చేరుతున్నయి. ఆ నీళ్లలో బతుకు ఉండాలని నాకుంది.

మేనమామ: ఒక మూల ఏస్తె ఒక మూలనే ఉంటదని దానికి ఎవరు చెప్పాలె?

ఈ ప్రశ్న దగ్గర నేను కూడా ఆగాను. తొట్టి వరకూ ఆమె మాటే సరైనదని నా అభిప్రాయం. బడి పిల్లలకు కళ్లెదుట కనిపించే బుడగ కంటే మంచి పాఠం నాకు తోచదు. చెరువు విషయంలో మాత్రం ఆయనదే పైచేయి. కారణం చేపలు ఒక్కటే కాదు. హైడ్రిల్లా విత్తనం కోసం ఆగే మొక్క కాదు. ఒక్క కణుపు తెగి కొట్టుకుపోయినా ఆగిన చోట వేళ్లు పెడుతుంది. పొద్దు తగ్గే రోజుల్లో మన్నులో చిన్న చిన్న దుంపలు పెడుతుంది. పైన మొక్కను నున్నగా పీకేసినా ఆ దుంపలు బురదలో ఏళ్ల తరబడి ఊరుకుని, అదను చూసి మొలుస్తాయి. తీసేద్దామనుకున్నా పూర్తిగా తీసేయడం దాదాపు మనిషి వల్ల కాని పని. ఆమె ఇదంతా ఎరిగిందే, దాచలేదు కూడా.

మేనకోడలు: నీకు కావలసిన సాక్ష్యం నేనే చెప్త విను. 1950లలో అక్వేరియం వ్యాపారం కోసం దీన్ని ఫ్లోరిడాకు పట్టుకపోయిన్రు. 1960కల్లా అక్కడి క్రిస్టల్ రివర్‌లో, మయామీ కాలువల్లో బయటపడ్డది. ఇప్పటికీ దాని మీద కోట్లు ఖర్చు పెడుతున్నరు. సౌత్ కరోలినాలో సెయింట్ స్టీఫెన్ అని ఒక జలవిద్యుత్ కేంద్రం ఉంది. 1991లో నీళ్లు లోపలికి పోయే జాలీలకు ఈ నాచు అడ్డం పడి వారాల తరబడి కరెంటు ఆగిపోయింది.

మేనమామ: మరి! నేను చెప్పిందే గదా. ఫుట్‌వాల్వ్ జాలీ.

మేనకోడలు: జాలీయే. కానీ అది పరాయి దేశం. అక్కడ దాన్ని అదుపులో పెట్టేంతగా తినేవి లేవు. తినే పురుగుల కోసం వాళ్లు వెతుక్కుంటూ మన దేశానికే వచ్చిన్రు. ఇక్కడి నుంచి ఒక ముక్కుపురుగును, ఆకును తొలిచే ఒక ఈగను పట్టుకపోయి 1987లో ఫ్లోరిడాలో వదిలిన్రు. మనకాడ అది పుట్టిన ఊళ్లోనే ఉంది. చేపలు, బాతులు, పురుగులు దాన్ని తింటనే ఉంటయి. మన చెరువుల్లో అది కొత్త కాదు.

మేనమామ: కొత్త కానిదాన్ని కొత్తగ ఏసుడెందుకు? కాకి, కొంగ కాళ్లకు అంటుకుని అదే వస్తది. పిట్ట తెస్తే పిట్ట పని. నువ్వు తెస్తే నీ పేరు మీద వస్తది. రేపు వలకు నాచు పడ్డప్పుడు ‘టీచరమ్మ ఏసింది’ అంటరు.

మేనకోడలు: మరి ఓపెన్‌కాస్ట్ గనుల, ఓసీపీ గుంతల సంగతేంది మామా? అక్కడ చేపల సంఘం లేదు, వల లేదు. బొగ్గు తీసి వదిలేసిన గుంత నీళ్లతో నిండి నీలంగా కనబడుతది. లోపల మొక్క లేదు.

మేనమామ: అక్కడికి పిల్లలను తోలుకపోయే మాట నా ముందర అనకు. గుంత కట్టలు బెంచీలు బెంచీలుగ ఉంటయి. ఒక్క బెంచి అంచు జారిందంటే కింద లోతెంతుంటదో సూసినోళ్లకే తెలుసు. మట్టి తడిసి ఎప్పుడు జారుతదో ఓవర్‌మెన్‌కే తెల్వది. అది కంపెనీ జాగ, గేటు లోపలి జాగ. ఇగ మొక్క ముచ్చటంటవా, నువ్వే చెప్పినవ్, దానికి వెలుతురు కావాలని. గోడ లెక్క నిలువుగ దిగే గుంతల అంచు ఎక్కడుంది మొక్క నిలిచేటందుకు?

మేనకోడలు: ఆ మాట నిజం. లోతు తక్కువున్న అంచు లేకుంటే మన్నులో వేళ్లు పెట్టే ఏ నీటిమొక్కా నిలవదు. అందుకే గుంత మూసేటప్పుడే ఒక పక్క వాలుగా కట్టాలని నేనంట. మేడిపల్లి ఓసీపీలో 500 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కడతమంటున్నరు. పగలు నీళ్లు పైకి, రాత్రి నీళ్లు కిందికి. మట్టం రోజూ ఎక్కి దిగుతుంటే అంచున ఏం బతుకుతది?

మేనమామ: ఏం బతకొద్దు! అక్కడ పంపులుంటయి. నాచు పోతే ఆ సెయింట్ ఎవరో అన్నవు చూడు, గదే అయితది.

మేనకోడలు: మన ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 2022లో 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలేసిన్రు. ఐదువందల ఎకరాల నీళ్ల మీద ఎండ పలకలకు పోయింది. కిందున్న మొక్కకు ఏం మిగిలింది?

మేనమామ: నాకైతే ఆ పని నచ్చింది. కరెంటుకు కరెంటు వస్తది, నీళ్లు ఆవిరైపోవు, నాచు కూడ తగ్గుతది. నువ్వు నష్టమన్నదే నాకు లాభం.

మేనకోడలు: నీకు నీళ్లంటే ఒక కాడికెల్లి ఇంకో కాడికి పంపేది.

మేనమామ: నలభై డిగ్రీల ఎండల కొళాయి తిప్పితే నీళ్లు రావాలె. అది తప్పా?

మేనకోడలు: తప్పనలేదు మామా. నీళ్లకు అదొక్కటే పని కాదని అంటున్న.

ఇక్కడ ఇద్దరి గొంతులూ పెరిగాయి. ఇద్దరూ ప్రేమించేది నీళ్లనే కావడంతో వాదం తేలిగ్గా తెగదు. ఆయన దగ్గర నీళ్లంటే బాధ్యత. సంపు నిండితే షిఫ్టులో ఉన్న మనుషుల ప్రాణం మీదికి వస్తుందని ఎరిగిన బతుకు ఆయనది. ఆమె దగ్గర నీళ్లంటే నివాసం. ఒకరి మాట కోసం రెండోవారి మాట కొట్టేయాల్సిన అవసరం నాకు కనబడలేదు. కానీ చెరువు ఒక్కటే, దాంట్లో ఏదో ఒకటే జరుగుతుంది.

మాట వాలిస్నేరియా మీదికి మళ్లింది. రిబ్బన్ల లాంటి ఆకులతో నిలువుగా పెరిగే మొక్క ఇది. ఆడపువ్వు సన్నటి పొడవాటి కాడ మీద నీటి పైదాకా వస్తుంది. మగపువ్వులు అడుగున మొదట్లోనే పుట్టి, ఆవగింజంత కూడా లేని బుడిపెలుగా తెగి పైకి తేలతాయి, తేలాక విచ్చుకుంటాయి. నీళ్ల మీద అవి గాలికి కొట్టుకుంటూ వచ్చి ఆడపువ్వు చుట్టూ ఏర్పడ్డ చిన్న గుంటలోకి జారి తగులుతాయి. పని అయ్యాక ఆడపువ్వు కాడ స్ప్రింగులా చుట్టుకుని కాయను నీటి అడుగుకు లాక్కుంటుంది. ఇంటర్ వృక్షశాస్త్రంలో ఈ బొమ్మ గీయని విద్యార్థి ఉండడు. అసలు పువ్వును చూసినవాళ్లు మాత్రం అరుదు. ఆమె తొట్టిలో నేను చూశాను. తెల్లటి చుక్కలు నీళ్ల మీద తిరుగుతుంటే మొదట బూడిద పడిందనుకుంటాం.

మేనకోడలు: సరే, హైడ్రిల్లా వద్దు. వాలిస్నేరియా వేస్త. ఇది తెగి కొట్టుకుపోయే రకం కాదు. మన్నులో తీగ పాకించి పక్కన పిల్ల పెడుతది, ఆ పిల్ల ఇంకో పిల్ల పెడుతది. నడిచినట్టు పోతది.

మేనమామ: నడిచేదాన్ని సూసుకోవచ్చు. అయినా కుండీలల్ల పెట్టు. చెరువు మన్నుల పెట్టకు.

మేనకోడలు: కుండీలో పెడితే అది నా తొట్టే కదా మామా, చెరువేం అయితది? తీగ కుండీ అంచు దాటి దిగితే ఏం చేస్తవ్?

మేనమామ: కోస్త.

మేనకోడలు: ఎవరు కోస్తరు, నువ్వా?

మేనమామ: నేనే కోస్త. అసలు నీ తొట్టి కోతలు ఏం చేస్తున్నవో ముందు అది చెప్పు. మోరీల పోస్తున్నవా?

మేనకోడలు: లేదు. మోరీలో పోస్తే వాన నీళ్లకు వాగు దాకా పోతది. బండ మీద ఎండలో పరిచి, పట్టుకుంటే పొడి అయ్యేదాకా ఎండబెట్టి, పెంటకుప్పలో వేస్తున్న. తొట్టి అడుగు మన్ను తీసినా అంతే. దాంట్ల దుంపలుంటయి.

మేనమామ: అది నాకియ్యి. బీరపాదుల మొదట్ల ఏస్త. మొక్క పేరు చెప్పి నా తల తింటనే ఉంటివి, ఎరువైనా రానియ్యి.

మేనకోడలు: ఇస్త. సంఘం మీటింగు ఎప్పుడు?

మేనమామ: చేపపిల్లలు పోసే ముందు కూసుంటరు. వానకాలం నీళ్లొచ్చినంక.

మేనకోడలు: నేనొచ్చి అడుగుత. ఒక్క మూల, వాలిస్నేరియా ఒక్కటే, ఒక్క ఏడాది. వద్దంటే తీసేస్తనని వాళ్ల ముందే కాగితం మీద రాసిస్త. నువ్వు నాతో రావాలె.

మేనమామ: వస్త. ఎందుకు రాను? కానీ అక్కడ నన్ను అడిగితే వద్దనే చెప్త.